సెప్టిక్ ట్యాంకుకి నేను పెట్టిన విందు

మా అక్క పుట్టింట పురుడు పోసుకోకుండా నేను చేయబోయిన ఘనకార్యం ఇది. భోజనం చేస్తూ చదువుతున్నవాళ్లు దయచేసి ముందు చెయ్యి కడుక్కుని రండి.

అరవైల్లో మాట. అక్కకి తొలికాన్పు. విశాఖపట్నం నుంచి వాళ్ల అత్తగారు కబురు పెట్టారు: "చెంబు పట్టుకుని తోటల్లోకి పోయే ఇంటికి నా కోడల్ని పంపను." తొలి పురుడు పోయకపోతే వీధిలో తలెత్తుకోలేనని అమ్మ ఒకటే ఏడుపు. నాన్న అప్పటికప్పుడు మేస్త్రిని పిలిచి, అనకాపల్లిలో మా వీధి మొత్తానికి మొదటి సెప్టిక్ లెట్రిన్ కట్టించాడు. అత్తగారు వచ్చి చూసేదాకా దాన్నెవరూ వాడకూడదన్నాడు.

పని ముగిశాక మేస్త్రి చెప్పాడు: "ట్యాంకులో కంటికి అవుపడని పురుగులుంటాయి బాబూ. అంతా అయ్యే తినేత్తాయి."

నేనప్పుడే బీఎస్సీ పాసయ్యాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. పాపం, నోరులేని పురుగులు ఎవర్నని అడుగుతాయి? రోజూ అమ్మ కునుకు తీసే వేళ అరటితొక్కలు, బీరచెక్కు, వంకాయ తొడిమలు పోగేసేవాణ్ణి. వాటికి పళ్లుండవని మెత్తగా రుబ్బి, గంజిలో కలిపి, లెట్రిన్ బేసిన్‌లో పోసేవాణ్ణి. మా ఊళ్లో పుట్టాక బెల్లం లేకుండా ఎవరికైనా ఏదైనా పెడతామా? గుప్పెడు బెల్లం కూడా కలిపేవాణ్ణి.

నెల తిరిగేసరికి అత్తగారు అక్కని వెంటబెట్టుకుని దిగారు. ఇడ్లీలు తిన్నారు. "పచ్చడి అమృతంలా ఉంది వదినగారూ!" అని అమ్మ చేత మళ్లీ వేయించుకున్నారు. ఆ తరవాత లెట్రిన్ పరీక్షకి బయల్దేరారు.

బకెట్ నీళ్లు పోసిన చప్పుడు వినిపించింది. వెంటనే కేక! నీళ్లు కిందికి పోలేదండీ, బుడబుడమంటూ నురగతో పైకొచ్చాయి. గడప దాటి ఆవిడ పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకున్నాయి. వీధంతా పులిసిన కల్లు వాసన.

మేస్త్రి పరిగెత్తుకొచ్చి ట్యాంకు మూత ఎత్తాడు. "ఓలమ్మో! ఇది ట్యాంకా, సారా బట్టీయా? పైపు నిండా ముద్దే! ఇంత మెత్తగా ఎవులు రుబ్బేరు?"

మెచ్చుకున్నాడనుకున్నాను. "నేనే!" అన్నాను.

"ఎక్కడ రుబ్బేవురా?" అంది అమ్మ.

"రోట్లోనే. బాగా కడిగేసేనమ్మా!"

"మనింట్లో ఉన్నది ఒకటే రోలు కదరా!"

అత్తగారు పొట్ట పట్టుకుని గోడకి చేరబడ్డారు. "అయితే... ఆ పచ్చడి..." అన్నారు.

అక్కా అమ్మా ఒకర్ని పట్టుకుని ఒకరు బావురుమన్నారు. వాళ్ల ఏడుపు చూడలేక ఆవిడ చివరికి తీర్పు చెప్పారు: "పిల్ల ఉంటుంది. ఆ రోలూ, వీడూ మాత్రం ఈ ఇంట్లో ఉండడానికి వీల్లేదు."

రోలు వీధిలోకి పోయింది. నేను చీడికాడలో ఉన్న మావయ్య చెరుకుతోటకి పోయాను. అక్కడ లెట్రిన్ లేదు. వీధికి మొదటి సెప్టిక్ ఉన్న ఇంటి కొడుకునయ్యుండి, రెండు నెలలు చెంబు పట్టుకుని గట్లమ్మట తిరిగాను.

ఆ గట్టు మీదే నాన్న ఉత్తరం అందింది: "నీకు మేనల్లుడు పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. బారసాలకి రా. రోలు కొత్తది, ముట్టుకోకు."

చెంబు కింద పెట్టకుండానే సూర్యుడి సాక్షిగా ఒట్టేశాను: నోరు తెరిచి అడగని ప్రాణికి ఈ జన్మలో పిడికెడు మెతుకులు పెట్టను.