బావ చెప్పని మాట

చెరుకు గానుగ దగ్గర పాకం చూసేవాడికి జబ్బు చేయకూడదు. చేస్తే చెరుకంతా అయిపోయాక చేయాలి. నా పంటికి ఆ మర్యాద తెలియలేదు.

యుద్ధం రోజులు. ఐరాల దగ్గర మా అక్క మొగుడి నాలుగెకరాల చెరుకు గానుగ ఆడిస్తున్నాం. కొట్టిన చెరుకు ఆగదు. రెండు మూడు రోజులు పడేస్తే రసం పులుస్తుంది, బెల్లం ముద్ద కట్టదు. పెనంలో మరిగే రసాన్ని ఎప్పుడు దించాలో చెప్పడం నా పని. చిటికెడు పాకం చన్నీళ్ళలో వేసి, ఉండ చేసి, తొట్టికేసి కొడితే టక్కుమనాలి. కాస్త ముందైతే జిగురు, కాస్త వెనకైతే మాడు. బడి నన్ను నాలుగో తరగతిలోనే దించేసింది గానీ, పాకం దించడంలో నన్ను మించినవాడు లేడని బావే పదిమందిలో చెప్పేవాడు.

కింది దవడలో చివరి పన్ను పుచ్చి ఏడాదైంది. ఒకరోజు సలుపు మొదలైంది. మర్నాటికి చెంప పొంగింది.

"ఏమబ్బా, బెల్లం ముద్ద చెంపలో దాస్కోని పోతాండావా?" అన్నాడు గానుగ తోలే ఆయన.

"ముద్ద గాదప్పా, మా బావ పెట్టిన కూడు. నిన్నట్నించి నముల్తానే ఉండా," అన్నాను. అందరూ నవ్వారు. నవ్వించేవాడు మూలిగినా అదీ ఒక వేషమే అనుకుంటారు.

ఆ రోజే బావ రసంలో కలిపే సున్నం కోసం పూతలపట్టుకు పోతున్నాడు. అక్కడి మందులంగడి కాంపౌండరును నా పంటి సంగతి అడిగి రమ్మన్నాను. సాయంత్రం తిరిగొచ్చాడు.

"ఏం సెప్పినాడు బావా?"

"ఏముండాది? లవంగనూనె పెట్టుకోమన్నాడు. పంటినొప్పికి సచ్చినోడు యాడన్నా ఉండాడారా? పా, పెనం పొంగుతాండాది."

బావ మాట. నమ్మాను. లవంగనూనె పెట్టాను. దానికి నా తెలివి కూడా తోడుచేసి, పెనం ఆవిరికి చెంప కాపుకున్నాను. మూడోరోజు నొప్పి ఉన్నట్టుండి తగ్గింది. నాకన్నా బావే ఎక్కువ సంబరపడ్డాడు. తగ్గింది నొప్పే, వాపు కాదు. అది చెంప వదిలి దవడ కిందికి, గొంతు వైపుకు జారి రాయిలా గట్టిపడింది. ఒళ్ళు కాలుతుంటే పొయ్యి సెగ అనుకున్నాను.

నాలుగోరోజు పొద్దున నా భార్య అంబలి తెచ్చింది. గుటక దిగలేదు. నోట్లో ఊరిన ఎంగిలి కూడా మింగలేక పెదవి పక్కనుంచి కారిపోతోంది.

"నోరు తెరువయ్యా, సూస్తాను."

తెరిచాను. ఆమె చిటికెనవేలు కూడా పట్టలేదు. చెంబు అక్కడే పెట్టేసి నా చెయ్యి పట్టుకుంది.

"ఈ పెనం ఒకటి దించినాక పోదురుగానీలేమ్మా," అన్నాడు బావ.

"నువ్వే దించుకోన్నా," అంది.

ఎద్దులబండిలో పూతలపట్టుకు చేరాం. కాంపౌండరు నా గొంతు చూసి స్టూలు మీది నుంచి లేచాడు.

"ఇప్పుడా వచ్చేది? చెంప పొంగిందంటే రేపే సిత్తూరుకు పంపించు, వాపు దవడ కిందికి దిగినా, నోరు తెరుసుకోకపోయినా, గుటక పడకపోయినా ఒక్క పూట గూడా ఆగొద్దని మొన్ననే మీ బావకు సెప్పితి గదా! ఒకటికి రెండుసార్లు సెప్పితి. సరే సరే అని తలూపి పోయినాడు."

నా భార్య నా మొహంలోకి చూసింది. ఎంత కష్టంలోనైనా నాకో పరాచికం దొరికేది. ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు.

అక్కడే చిత్తూరు బస్సెక్కాం. పెట్రోలు దొరక్క అప్పట్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. ప్రతి మిట్ట దగ్గరా అది రొప్పింది, దానితోపాటు నేనూ రొప్పాను. చిత్తూరు ఆసుపత్రిలో డాక్టరు దవడ కింద కోసి చీము తీసి, పన్ను పీకేశాడు. ఇంకో పూట గడిచి ఉంటే ఊపిరాడే దారి మూసుకుపోయేదని నా భార్యతో చెప్పాడట.

మూడోనాడు బావ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. కట్టు కట్టిన దవడతో గొణిగాను.

"కాంపౌండరు నీకు సెప్పినాడంట గదా బావా?"

కాదనలేదు.

"సెప్పినాడు. నీకు సెప్పింటే పోయిందువు. కొట్టిన సెరుకు ఆడ కుప్పలు కుప్పలుగా పడుండె. నువ్వు పోతే పాకం ఎవురు సూస్తారు? రెండు దినాలే గదా, తట్టుకుంటాడులే అనుకొంటి. నువ్వూ నవ్వుతానే ఉంటివి గదరా!"

నాకే చెప్పి ఉంటే, "ఇంకో రెండు పెనాలు దించి పోతాలే బావా" అని నేనే అనేవాణ్ణేమో. అక్క మొహం చూసి తప్పకుండా అనేవాణ్ణి. ఆ మాట అనే వీలు కూడా ఆయన నాకు ఉంచలేదు. నా ప్రాణం సంగతి నన్ను అడక్కుండానే దారిలో తేల్చేసుకుని వచ్చాడు.

అక్క పంపిన పాలచెంబు మంచం కింద పెట్టి లేచాడు. ఇంకా ఎకరా చెరుకు ఉందని, మధ్యాహ్నం బస్సు అందుకోవాలని అన్నాడు.

పాకం ఎవరు చూస్తున్నారని అడగాలని నోటిదాకా వచ్చింది. గోడవైపు తిరిగి పడుకున్నాను.