పాలమూరు మాటకు జాబితాలో చోటు

వనపర్తిలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పరిశోధన అంటే పెద్ద ఊళ్లవాళ్ల పని అని చాలాకాలం అనుకున్నాను. మా చిన్నమ్మ వల్ల ఆ అభిప్రాయం పోయింది.

చిన్నమ్మది అమరచింత దగ్గర పల్లె. కౌలుకు తీసుకున్న భూమిలో పల్లికాయ వేస్తుంది. ఆ ఏడు పంట సలహాలకు కొత్తగా ఒక ఫోన్ నంబరు వచ్చింది. అవతల మనిషి ఉండడు. మనం అడిగింది విని, పెద్ద సమాచార నిధిలో వెతికి యంత్రమే జవాబు చెబుతుంది. నేనే నంబరు కలిపి చిన్నమ్మకు ఇచ్చాను.

"పల్లిచేను ఆకంత పండువడ్తుంది. ఏం మందు కొట్టాలె?" అని, ఆకు పసుపెక్కడం గురించి అడిగింది.

"క్షమించండి, మీ ప్రశ్న అర్థం కాలేదు" అంది యంత్రం. మూడుసార్లు అడిగినా అదే మాట.

చిన్నమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి, "నాకు మాట్లాడరాదా, దానికి ఇనరాదా బిడ్డా?" అంది. నవ్వుతూనే అంది కానీ నాకు తల తీసేసినట్టయింది. ఆమె చేత ఆ ప్రశ్న మళ్లీ అడిగించి రికార్డు చేసుకున్నాను.

కొన్నాళ్లకు హైదరాబాద్‌లో ఒక సమావేశం జరిగింది. సమాచార సాంకేతికతలో ఏ పరిశోధనలు ముందు చేపట్టాలో తేల్చడానికి జాబితా తయారు చేస్తున్నారు. జిల్లా కాలేజీల తరఫున నన్నూ పిలిచారు. అందరూ వేగం గురించి, భద్రత గురించి, కోట్ల మంది వివరాలు దాచడం గురించి మాట్లాడారు. అన్నీ అవసరమైనవే. చివర్లో నా వంతు వచ్చింది. పుస్తకాల తెలుగులో నన్ను నేను పరిచయం చేసుకుని, ఫోన్ తీసి చిన్నమ్మ గొంతు వినిపించాను.

అధ్యక్షత వహించిన పెద్దాయన, "ఇలా ఎంతమంది మాట్లాడతారమ్మా?" అని అడిగారు.

"గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో మేమందరం గిట్లనే మాట్లాడ్తం సార్. ఇందాకటి దాంక మీకోసమని మార్చి మాట్లాడిన" అన్నాను.

అది ఎలా నోటికి వచ్చిందో నాకే తెలియదు. ఆయన కలం తీశారు. జాబితాలో మా పాలమూరు మాటకు మూడో చోటు దక్కింది.

ఆ తర్వాత రెండేళ్లు మా విద్యార్థినులతో కలిసి ఊరూరా తిరిగి గొంతులు పోగుచేశాను. గద్వాలలో చీరలు నేసేవాళ్లు కన్నడ మాటలు కలిపి మాట్లాడితే అలాగే రాసుకున్నాం. నాగర్‌కర్నూల్‌లో బట్టలు కుట్టే ఒక ముసలాయన, "మా ఉర్దూ కలిసిన తెలుగు గూడ పనికొస్తదా మేడం?" అని సందేహపడ్డాడు. "అదే కావాలె చాచా" అంటే, కుట్టు ఆపి గంటసేపు ముచ్చట చెప్పాడు. ప్రతి మాటనూ విని, రాసి, సరిచూసింది ఆ అమ్మాయిలే.

ఆ గొంతులతో మాట నేర్పిన యంత్రానికి మొదటి పరీక్ష కొల్లాపూర్‌లోని ఒక మామిడి తోటలో పెట్టాం. తోట కాసే ఆమె ఫోన్ అందుకుని, "పూత రాలుతుంది, జర ఏం జెయ్యాల్నో చెప్పు" అంది.

యంత్రం ఆ మాట పట్టుకుంది. "పూత రాలడం ఎన్ని రోజుల నుంచి ఉంది?" అని తిరిగి అడిగింది.

"మొన్నటి సంది" అని ఆమె మామూలుగా జవాబిచ్చి మాట్లాడుతూ పోయింది. ఆమెకు అందులో వింతేమీ కనబడలేదు. పక్కన నిలబడ్డ మా అమ్మాయిలు మాత్రం ఒకరి చేతులొకరు గట్టిగా పట్టుకున్నారు. వాళ్లకు గురువునైనందుకు ఆ రోజు నేను పొందినంత గర్వం మరెప్పుడూ పొందలేదు.