మునిరత్నం జేబులో ఊరి కరెంటు

పుంగనూరికి కరెంటు ఎక్కడినుంచి వస్తుందని అడిగితే బడిపంతుళ్లు ఏం చెప్పేవారో గానీ, మునిరత్నం ఉండే వీధివాళ్లు మాత్రం "ఇంకెక్కడ, మునిరత్నం జేబులోంచి" అనేవారు. వైరింగు పనికి ఏ ఇంటికి వెళ్లినా ఆయన ముందు మెయిన్ స్విచ్ దగ్గరికి పోయి, పింగాణీ ఫీజులు రెండూ పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఆ తర్వాతే స్క్రూడ్రైవరు చేతికి తీసుకునేవాడు. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. పని ముగిశాక వాటిని తిరిగి పెట్టడం మరిచిపోయి, అదే జేబుతో ఇంటికి వచ్చేసేవాడు. అదీ ఆయనతో వచ్చిన తంటా.

ఆ తంటా పడింది ఊరు కాదు, ఆయన భార్య రామక్క. దీపాలు పెట్టే వేళకు ఎవరో ఒకరు వాకిట్లో నిలబడేవారు.

"రామక్కా, మా కరెంటు మీ ఇంట్లో ఉండాదంట?"

"ఉండక యాడికి పోతాది? కూసో తల్లీ, ఆయప్ప కాళ్లు కడుక్కుంటాండాడు."

పైకి నవ్వినా లోపల ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది. పైగా ఫీజుల బరువుకు ప్రతి చొక్కా జేబూ అడుగున పిగిలిపోయేది. రామక్కకు ఇంట్లో కుట్టుమిషను ఉండేది. ఊళ్లోవాళ్లకు రవికలు కుట్టే చేత్తోనే మొగుడి జేబులూ కుట్టి కుట్టి విసిగిపోయింది. "ఈ సారి సినిగితే నేను కుట్టను. నీ ఫీజులు మూట కట్టి మెడకు తగిలించుకో" అనేది. ఆయన "సరేలే మే" అని నవ్వేవాడు. మరుసటి వారం మళ్లీ సూది, మళ్లీ దారం.

ఫీజు పీకే అలవాటు ఆయనకు మదనపల్లెలో పట్టుకుంది. పెళ్లికి ముందు అక్కడ ఒక మండీ వ్యాపారి ఇంట్లో మెయిన్ ఆపి, నిచ్చెనెక్కి, పైకప్పు దగ్గర తీగలు కలుపుతున్నాడు. ఆ ఇంటి ముసలామెకు రేడియోలో నాటకం వచ్చే వేళయింది. "యాల ఆపినారో మాయదారి నాయాళ్లు" అంటూ వచ్చి మెయిన్ వేసేసింది. నాటకం మొదలయ్యేలోపే మునిరత్నం నిచ్చెన మీదినుంచి ఎగిరి కింద పేర్చిన టమోటా గంపల్లో పడ్డాడు. ఒళ్లంతా ఎర్రగా ఉన్న మనిషిని చూసి ఇల్లంతా గొల్లుమంది. ఒక పెద్దాయన మాత్రం ధైర్యం చేసి ఆ ఎర్రదాన్ని వేలితో తీసి నాలుక మీద వేసుకుని, "ఏడ్వొద్దండి, పచ్చడే" అన్నాడట.

ఈ కథ మునిరత్నం చెప్పినప్పుడల్లా గంపలు పెరిగేవి. చివరి మాట మాత్రం మారేది కాదు. "స్విచ్ ఆపితే యేసేవోళ్లు వెయ్యిమంది ఉంటారప్పా. ఫీజు నా జేబులో ఉంటే ఆ దేవుడు దిగొచ్చినా యెయ్యలేడు."

అది నిజమే. కానీ దేవుడి సంగతి అలా ఉంచి, ఇంటివాళ్లు కూడా వేసుకోలేకపోయేవారు. ఒకసారి యశోదమ్మ ఇంటి ఫీజులు జేబులో వేసుకుని కుప్పంలో బంధువుల నామకరణానికి వెళ్లిపోయాడు. యశోదమ్మ మొగుడు మల్లప్ప తిట్టుకుంటూ బస్సెక్కి, పలమనేరులో మారి, కుప్పం చేరేసరికి మునిరత్నం పంక్తిలో కూర్చుని పాయసం జుర్రుతున్నాడు.

"ఏమప్పా మునిరత్నం, ఫీజులిస్తావా, లేకుంటే మా ఇల్లు గూడా కుప్పానికి తెచ్చుకుందునా?"

"అయ్యయ్యో, మర్చిపోయినా మల్లప్పా! కూసో, ముందు తిను."

మల్లప్ప తిన్నాడు. తిని చెయ్యి చాపాడు. మునిరత్నం ఫీజులు చేతికివ్వలేదు. "నేనే వచ్చి పెడతా" అని నామకరణం వదిలేసి ఆయనతోపాటు బస్సెక్కాడు. అది రెండో తిక్క. ఎవరెంత బతిమాలినా ఫీజు చేతికిచ్చే రకం కాదు. తానే పోవాలి, తానే పెట్టాలి. పోయినవాడు ఓ పట్టాన తిరిగి వచ్చేవాడూ కాదు. ఆ ఇంట్లో కాఫీ తాగుతూ కబుర్లు చెబుతుంటాడని రామక్క పళ్లు నూరుకునేది.

ఇలా ఉండగా మదనపల్లెలో పని నేర్చుకుని ముద్దుకృష్ణ ఊళ్లో దిగాడు. మెయిన్ ఆపడం, ఫీజు పీకడం లాంటి పిరికి పనులు ఆ అబ్బాయికి గిట్టవు. పారే కరెంటులోనే, ఈల వేస్తూ తీగలు కలిపేసేవాడు. జనం నోళ్లు తెరుచుకుని చూసేవారు. "అబ్బ, మొగోడంటే వీడప్పా!" అన్నారు. మునిరత్నానికి పనులు పల్చబడ్డాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే రామక్క స్నేహితురాలు రాజమ్మ కొత్తిల్లు కట్టింది. రాజమ్మ మొగుడు దొరస్వామి ముద్దుకృష్ణనే పిలుద్దామన్నాడు. రామక్క వెళ్లి రాజమ్మ చేతులు పట్టుకుంది.

"ఈ ఇంటి పని మా ఆయనకియ్యి రాజమ్మా. నీ గృహప్రవేశానికి దీపం వెలక్కపోతే నన్నడుగు. నాదీ పూచీ."

ఇంకేం చెప్పాలి? ఆ పనిలో పేరు నిలబడితే మునిరత్నానికి మళ్లీ నాలుగిళ్లు దొరుకుతాయి. లేకపోతే మొగుడి పనీ పోతుంది, బంగారంలాంటి స్నేహితురాలూ పోతుంది. రామక్క ఆ నెలంతా రోజూ సాయంత్రం మొగుడు గుమ్మంలో అడుగుపెట్టగానే జేబు తడిమేది. ఖాళీగా ఉంటే దేవుడికి దణ్ణం పెట్టుకునేది. వైరింగు చక్కగా పూర్తయింది.

గృహప్రవేశం తెల్లవారుజామున. ముందురోజు సాయంత్రం రామక్క పిండివంటల సందట్లో జేబు తడమడం మరిచిపోయింది. అంతే, కొంప మునిగింది. ఇంకా కోడి కూయకముందే వాకిట్లో రాజమ్మ, తలంటుకున్న జుట్టుతో, పట్టుచీరతో, నిప్పులు కక్కుతూ నిలబడింది.

"రామక్కా! నీ మాట నమ్మినందుకు నా నోట్లో మన్ను కొట్టినావు గదే! నిన్న సాయంత్రం సూసిపోతానని వచ్చి, నీ మొగుడు ఫీజులు పీక్కొని పోయినాడు. ఇల్లంతా సీకటి. మైకు మోగదు, మోటరు తిరగదు. ఆవును పట్టుకొని పురోహితుడు ఆడ నిలబడుకోనుండాడు!"

రామక్క వెనక్కి తిరిగి చూస్తే మునిరత్నం అప్పటికే చెప్పులేసుకుని, చేతిలో కటింగ్ ప్లేయరు, నల్లటేపు చుట్టతో నిలబడి ఉన్నాడు.

"నేనూ ఆడికే బయల్దేరినా. పాండి, పాండి."

"ఏం మనిషయ్యా నువ్వు! ఈ ఒక్క ఇల్లయినా మర్చిపోకుండా ఉండకూడదా?" అని రామక్క దారి పొడుగునా కళ్లొత్తుకుంటూనే ఉంది. ఆయన నడక మాత్రం పరుగయింది.

కొత్తింటి దగ్గర దొరస్వామి ఓపిక నశించి, టార్చిలైటు వెలుగులో మెయిన్ స్విచ్ తెరిచి, ఫీజులు ఉండాల్సిన చోట గుచ్చడానికి రాగితీగ మెలిపెడుతున్నాడు. గేటు ముందు కళ్లాపి తడి ఇంకా ఆరలేదు. ఆ తడిలో పొట్టి పుంగనూరు ఆవు, పక్కనే ఇనుప గేటు పట్టుకుని పురోహితుడు.

"ముట్టొద్దు!"

మునిరత్నం అరవడం రామక్క పెళ్లయ్యాక వినడం అదే మొదలు. దొరస్వామి చేతిలో తీగ జారిపోయింది. పురోహితుడు గేటు వదిలేశాడు. ఆవు కూడా తలెత్తి చూసింది.

వెంటనే ఆయన మామూలు నవ్వు నవ్వాడు. "నా ఫీజులుండంగా తీగలు యాలప్పా దొరస్వామీ? నాదే మరపు, తిట్టుకోండి. ముద్దుకృష్ణా, ఆ తోరణం వంకరగా ఉండాది, నిచ్చెన తీసుకోనిరా. రామక్కా, కింద పట్టుకో."

ముద్దుకృష్ణ అక్కడెందుకున్నాడో రామక్కకు అప్పుడు తెలిసింది. రంగురంగుల సీరియల్ దీపాల కోసం దొరస్వామి అతన్ని చాటుగా పిలిపించాడు. అతను ముందురోజే ఈల వేసుకుంటూ దీపాల తీగను మామిడాకులు కట్టిన ఇనుపకమ్మికి చుట్టి పోయాడు. ఆ కమ్మి కొస ఇనుప గేటుకు కట్టి ఉంది.

కింద నిచ్చెన పట్టుకున్న రామక్కకు పైకెక్కిన ఇద్దరి గుసగుసలు వినిపించాయి.

"ఈ అతుకుకు టేపు సుట్టలేదే అబ్బయ్యా. రాగి కమ్మికి తగిలి ఉండాది, సూడు. కమ్మి గేటుకుండాది. గేటు కింద తడి."

 ముద్దుకృష్ణ ఆ అతుకు మీదికి వంగి చూశాడు. "అన్నా... అమ్మోరి సాక్షిగా సూసుకోలేదు. నిన్న నాకు సెప్పింటే..."

"నువ్వు మైకు తెచ్చేదానికి పోయినావు, నీ నిచ్చెనా నీతోనే పాయె. దొరస్వామికి సెప్తే 'నీకు కుళ్లు' అన్నాడు. ఇంకేం జేసేది, మర్చిపోయినా." ఆయన చిన్నగా నవ్వాడు. "సుట్టు, గట్టిగా సుట్టు. దీపాల తీగను కమ్మినించి ఇప్పేసి ఎడంగా కట్టు."

"అన్నా, ఎవరికీ సెప్పొద్దన్నా. నాకింక ఎవరూ పనియ్యరు."

"సెప్పేదానికేముంది? నేను ఫీజులు మర్చిపోయినా. ఊరంతటికీ తెలిసిందే గదా."

రామక్కకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. మల్లప్ప ఇంటికి ఆయన కుప్పం నుంచి వచ్చిన మర్నాడే యశోదమ్మ బట్టలారేసే తీగ, ఇంట్లోకి కరెంటు తీగ దిగే ఇనుప బ్రాకెట్టు నుంచి వేపచెట్టుకు మారింది. అప్పుడు రామక్క దాన్ని పట్టించుకోలేదు. అంతకుముందు ఇంకొకరి ఇంట్లో నీళ్ల హీటరుకు కొత్త వైరు వచ్చింది. ఆయన ఫీజు పెట్టడానికి పోయి ఆలస్యం చేసినప్పుడల్లా ఆ ఇంట్లో ఏదో ఒకటి మారుతూనే ఉంది. ఇన్నేళ్లూ కాఫీ కోసం కూర్చున్నాడనుకుంది! ఆమెకు మొగుడి మీద ఎంత ప్రేమ ముంచుకొచ్చిందో అంత కోపమూ వచ్చింది.

"నాకన్నా సెప్పకూడదా?" అంది ఆయన కిందికి దిగగానే, పళ్ల బిగువున.

"సెప్తే ఎవురింటారు మే? 'ఇన్నేండ్లుగా ఏమీ కాలేదే' అంటారు. సీకట్లో కూసుంటే వాళ్లే నన్ను పిలుస్తారు. నీకు సెప్తే నువ్వు ఊరికంతా సెప్తావు, వాళ్లకు తలవంపులు."

అందులో అబద్ధమేమీ లేదని రామక్కకూ తెలుసు.

మునిరత్నం ఫీజులు గుచ్చి మెయిన్ వేసి, గేటుకు టెస్టరు పెట్టి చూసి, తర్వాత చేతి వెనకవైపు ఆనించి చూసి, ఆవుకు దణ్ణం పెట్టి పక్కకు తప్పుకున్నాడు. దీపాలు వెలిగాయి. మైకు మోగింది. ఆవు దర్జాగా లోపలికి పోయి, కొత్త నేల మీద పేడ వేసి, శుభం చేసింది.

దొరస్వామి నలుగురి ముందూ అందుకున్నాడు. "ఈ మతిమరుపాయప్పను నమ్ముకుంటే ముహూర్తం తప్పేది గదప్పా! ఏం రామక్కా, ఇదేనా నీ పూచీ?"

రామక్క నోరు తెరిచింది. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. మునిరత్నం నేల చూస్తున్నాడు. ముద్దుకృష్ణ ఆకాశం చూస్తున్నాడు.

"ఏం జేసేదన్నా," అంది రామక్క, "పుట్టుకతో వచ్చిన బుద్ధి."

ముద్దుకృష్ణ మాత్రం మర్నాటినుంచి ఈల మానేశాడు. ఎక్కడికి పనికి పోయినా ముందు ఫీజు పీకి జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు. తన చేతికి మించిన పనులొస్తే మునిరత్నం దగ్గరికి పంపేవాడు. జనం "ఈ జబ్బు అంటుకునే రకమప్పా!" అని నవ్వుకున్నారు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, మునిరత్నం చొక్కా తొడుక్కుంటూ జేబులో చెయ్యి పెట్టి ఆగిపోయాడు. పాత జేబు ఊడదీసి ఉంది. దాని చోట మందపాటి ఖాకీ గుడ్డతో, రెండు మడతలు వేసి కుట్టిన పెద్ద జేబు ఉంది. రెండోవైపు ఇంకొకటి.

"ఇదేం మే, రెండు జేబులు?"

రామక్క మిషను మీదినుంచి తలెత్తలేదు. "ఊరు పెద్దదవుతాండాది గదా. ఒకటి సాలదు."