పడవ ఎడమ అంచు

నా భార్య రెండు నెలల కిందట చనిపోయింది. చాలామందికి ఫోన్ చేయలేకపోయాను. కాలేజీ పత్రికవాళ్లు ఆమె గురించి రాయమన్నారు కాబట్టి, తెలియనివారికి ఇక్కడే చెబుతున్నాను. ఆమె ఇరవై రెండేళ్లు ఈ కాలేజీ వర్క్‌షాపులో కొయ్యపని నేర్పింది.

ఆమెను తలచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది భయం. ఆమెది కాదు, నాది. రంపం దగ్గర ఆమె వేళ్లు చూస్తే భయం. చెరువులో పడవ ఎక్కితే భయం. నాకు ఈత రాదు, ఆమెకూ రాదు. "మునిగితే ఇద్దరం మునుగుతం, ఫికర్ ఎందుకు సారూ" అనేది. నేను ఎకనామిక్స్ చెప్పేవాడిని. ఇంట్లోనూ సారూ అనే పిలిచేది, ఎగతాళికి.

పడవ కాలేజీ క్యాడెట్లది. తెరచాపతో నడిచే పాత కొయ్య పడవ. ఏదో రేవులో ఏళ్ల తరబడి పనిచేసి, లారీ మీద వరంగల్ వచ్చింది. అంచుల వెంట ఉండే టేకు పట్టీలు పుచ్చిపోయాయి. అలాంటివి ఇప్పుడు ఎక్కడా దొరకవు. ఆమె తానే చేస్తానంది. గాలికి పడవ ఒరిగినప్పుడు క్యాడెట్ పిల్లలు ఆ పట్టీ పట్టుకుని రెండో పక్కకు వాలతారు. అది ఊడితే నీళ్లలో పడతారు.

చీరల డబ్బాల అట్టను అంచుకు ఆనించి, పెన్సిలుతో గీసి, కత్తిరించేది. ఆ అట్ట కొలతకే టేకు కోసి, రందా పట్టి నునుపు చేసేది. సాయంత్రం ఇంటికొస్తే జడలో కొయ్యపొట్టు ఉండేది. కుడివైపు అట్టను తిప్పి ఎడమకు వాడబోయిన విద్యార్థులను ఆపేది. "పాతవడ్డంక ఏ పడవా రెండు దిక్కుల ఒక్కతీరుండదు. మళ్ల కొలువుండ్రి." ప్రతి పట్టీ బిగించాక, దాన్ని పట్టుకుని తన బరువంతా వేసి వెనక్కి వాలేది. తనను మోయలేనిదాన్ని పిల్లల చేతికి ఎలా ఇస్తామనేది.

చలికాలంలో ఆమెకు దవాఖాన తిరుగుడు మొదలైంది. కుడివైపు పని చివరికొచ్చేసరికి ఆమె చాలా చిక్కిపోయింది. ఒకరోజు షెడ్డులో పట్టీ పట్టుకుని వాలి, వెంటనే లేచి నిలబడింది.

"నా బరువు ఇప్పుడు లెక్కకు రాదు. నువ్వు వాలు."

వాలాను. కింద ఉన్నది సిమెంటు నేలే అయినా పట్టీని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఆమె నవ్వలేదు. నా మణికట్టు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువే తెలియలేదు. ఆ రోజు నాకు పట్టిన భయం ఇంకా వదల్లేదు.

ఆమె పోయేనాటికి ఎడమ పట్టీ మిగిలింది. కర్మలయ్యాక, ఆమె చేస్తుంటే చూసినదాన్ని బట్టి, ఆ పనికి నేనే కూర్చున్నాను. కుడివైపు అట్ట చేతిలో ఉంది. దాన్నే తిప్పి గీసి, కోశాను. బిగించబోతే ముందువైపు పట్టీకీ అంచుకీ మధ్య వేలెడు సందు వచ్చింది. స్క్రూలతో లాగి బిగించాను. వార్నిష్ వేస్తే ఏమీ కనబడలేదు. ఆదివారం పిల్లలను రమ్మని కబురుపెట్టాను.

ఆదివారం పొద్దున షెడ్డు వాచ్‌మన్ వచ్చాడు. "సార్, పిల్లలు డ్రెస్సులేసుకొని నిలవడ్డరు. పడవ దించుదమా?"

ఆ పట్టీ పట్టుకుని నీళ్ల మీద వాలాల్సింది వాళ్లే. వద్దన్నట్టు తల ఊపి, షెడ్డుకు వెళ్లి స్క్రూడ్రైవర్‌తో పట్టీ విప్పసాగాను. చివరి రెండు స్క్రూలు ఉన్నాయనగా పట్టీ వాటిని పెరుక్కుని లేచి, నా ఛాతీకి తగిలింది. పిల్లలందరూ చూశారు. ఆ అంచున కూర్చోబోయే అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది. తప్పు నాదని ఆ అమ్మాయికి చెప్పాను.

కొత్త అట్ట తెచ్చి ఎడమవైపు కొలిచాను. మూడు వారాలు పట్టింది. ఈసారి పట్టీ లాగకుండానే అంచుకు అతుక్కుంది. షెడ్డులో వాలి చూశాను. చాలదనిపించింది. నేను ఎక్కకుండా పిల్లలెవరూ ఎక్కొద్దన్నాను.

"మీకు ఈత రాదు గద సార్" అన్నాడు వాచ్‌మన్.

రాదన్నాను. లైఫ్ జాకెట్ రెండుసార్లు బిగించుకున్నాను. ఇద్దరు సీనియర్ క్యాడెట్లు తెరచాప పట్టారు. చెరువు మధ్యలో గాలి తగిలి పడవ కుడికి ఒరిగింది. నేను ఎడమ అంచు పట్టుకుని వెనక్కి వాలాను. వీపు కింద నీళ్లు పోతున్న చప్పుడు వినబడింది. కళ్లు మూసుకున్నాను. పట్టీ కదల్లేదు.

ఒడ్డు చేరాక దిగమన్నారు. నా చేతులు రాలేదు. ఆ ఆదివారం వెనక్కి అడుగేసిన అమ్మాయి మోకాలి లోతు నీళ్లలోకి వచ్చి, నా వేళ్లను ఒక్కొక్కటే టేకు మీంచి విడదీసింది.