కొమ్ముల కుందేలు ఉపవాసం

పంతొమ్మిదేళ్ల వయసులో నాకు తెలియని విషయం ఒక్కటి కూడా లేదు. ముప్పై దాటాక వెతుక్కుంటే అందులో సగం కూడా మిగల్లేదు గానీ, ఆ రోజుల్లో మాత్రం ఎవరు ఏమడిగినా జవాబు నా నాలుక చివర సిద్ధంగా ఉండేది. బడికి వెళ్లకపోవడమే దానికి కారణమని ఇప్పుడనిపిస్తుంది. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడేమో వాగుకు అవతల. ఊపిరందక రెండుసార్లు నన్ను ఖానాపూర్ దవాఖానకు మోసుకెళ్లాక, "ఇగ బడి లేదు గిడి లేదు, నేనే జెప్త" అని బాపు ఒక పలక కొనుక్కొచ్చాడు. అక్షరాలు, ఎక్కాలు, కీర్తనలు, పత్తికి పట్టే పురుగుల పేర్లు అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తరగతిలో ఇంకో పిల్ల లేదు కాబట్టి ఏటా నేనే ఫస్టు. (ఏటా లాస్టు కూడా నేనేనన్న సంగతి అప్పుడు తోచలేదు.)

ఓపెన్ స్కూల్లో పది పాసయ్యాక మా ఊరి మందిరం పాస్టరు అయ్యగారు ఆదివారం బడి పిల్లల్ని నాకు అప్పగించారు. జీతం లేకపోయినా నాకది కలెక్టరు కొలువు. ఇంటి గడప దాటి నేను చేసిన మొదటి పని అదే. ప్రతి ఆదివారం చీరకు కుచ్చిళ్లు సరిచేసుకుంటూ, చాక్‌పీసులు చేతిసంచిలో వేసుకుంటూ దేవునికి వందనాలు చెప్పుకునేదాన్ని. వాటిలో భక్తి ఎంతో, గర్వం ఎంతో ఆయనకే తెలియాలి.

ఒక ఆదివారం సృష్టి పాఠం. నల్లబల్ల మీద జంతువుల బొమ్మలు వేస్తూ కుందేలుకు రెండు కొమ్ములు కూడా పెట్టాను. పొరపాటున కాదు, పూర్తి నమ్మకంతోనే. మా నాయినమ్మ చెప్పిన కథ అది. ఖానాపూర్ దాటాక వచ్చే అడవిలో కొమ్ముల కుందేలు ఒకటుంటుందట. అది కుందేళ్లకు పెద్ద. మనుషులను చూసినా ఉరకదు, రాజులాగా మెల్లగా నడిచిపోతుంది, దానికి గడ్డి మీద ఆశ ఉండదు. ఆమె తాత ఇప్పపువ్వు ఏరడానికి పోయినప్పుడు తన కళ్లతో చూశాడట. అంత పెద్దాయన కళ్లు, అంత ప్రేమగల నాయినమ్మ నోరు, ఇక నాకు వేరే సాక్షి ఎందుకు?

ముందు వరుసలో ఒక చిన్నది ఉండేది. అన్నిటికీ ఎందుకు, ఎందుకు అని అడిగేది కాబట్టి ఊరంతా 'ఎందుకమ్మ' అని పిలిచేవారు. అది లేచి నిలబడింది.

"అక్కా, మా చేన్ల కుందేలుకు కొమ్ములు లెవ్వు. గీ కుందేలుకు ఎందుకున్నయి?"

"అన్నిటికీ ఉండవే. వాటి పెద్దకే ఉంటాయి," అన్నాను, అది మొన్ననే మా ఇంటికి వచ్చిపోయినంత ధీమాగా.

మధ్యాహ్నానికల్లా ఆ సంగతి ఊరంతా తెలిసింది. బోరింగు దగ్గర ఆడవాళ్ల నవ్వు నాకు వినబడుతూనే ఉంది. "ఇంట్ల సదివిన సదువు గట్లనే ఉంటదే! రేపు బర్రెకు రెక్కలు గూడ పెడ్తది." నన్నంటే పడేదాన్నేమో, ఆ మాట బాపుకు తగిలింది. సాయంత్రం అయ్యగారు వచ్చి చాలా మెత్తగా, "ఈస్టరు దాక నువ్వే జెప్పు బిడ్డా. అటెన్క మంచిర్యాల నుంచి ట్రైనింగైన టీచరమ్మ దొరుకుతదేమో చూస్త," అన్నారు. ఆయన వెళ్లాక బాపు నన్ను పిలిచాడు.

"కొమ్ముల కుందేలును నువ్వు జూసినవా బిడ్డా?"

"నాయినమ్మ చెప్పింది గద బాపూ."

"నువ్వు జూసినవా అంటున్న."

"లే."

"మరి తెల్వదని ఎందుకనకపోయినవ్?"

నాకు ఒళ్లు మండింది. టీచరన్నాక తెలియదంటుందా ఎక్కడైనా! ఆ రాత్రి ప్రార్థనలో, ఒకే ఒక్క కొమ్ముల కుందేలును చూపించి మా బాపు పేరు నిలబెట్టమని ప్రభువును అడిగాను. (నా కొలువు సంగతి కూడా చివర్లో కలిపాను.)

అప్పుడు శ్రమల దినాలు, మేము నలభై రోజులు ఉపవాసాలుండే కాలం. ఒక శుక్రవారం పొద్దున, చేనులో పత్తికట్టె పీకుతున్న చిన్నాయిన కోళ్లగంప ఒకటి నెత్తిన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"ఏ పంతులమ్మా! జర బయటికి రా. నీ సుట్టం వచ్చిండు."

గంప సందుల్లోంచి చూశాను. కుందేలు. నెత్తి మీద నల్లగా, బొటనవేలంత కొమ్ము. చెవి పక్కన ఇంకోటి. మూతి దగ్గర గడ్డం వేలాడినట్టు రెండు మూడు.

"దొరకవట్టుడు ఎట్లయ్యింది చిన్నాయినా?"

"వట్టేదేంది, ఉరకనే లేదు. రాజు లెక్క కూసున్నది."

అక్కడే మోకరించాను. స్తోత్రం, స్తోత్రం అంటూ ఏడ్చేశాను. గంటలో వాకిలి నిండిపోయింది. బోరింగు దగ్గర నవ్విన వాళ్లు క్యారెట్లు తెచ్చారు, కొత్తిమీర తెచ్చారు, గరిక తెచ్చారు. కుందేలు దేన్నీ ముట్టలేదు. "ఏందే, తింటలేదు?" అని ఎవరో అడిగారు. తెలియదు అనడానికి అది రెండో అవకాశం. నేనేమన్నానంటే:

"శ్రమల దినాలు కదా. ఇవ్వాళ శుక్రవారం. అది ఉపవాసం ఉంది."

ఒకామె లెంపలు వేసుకుంది. "కుందేలుకున్న బుద్ధి మనకు లేకపాయె. గదే ఉంటుంటే మనకేం రోగమే!" అంది. ఆ మాటతో ఊరే మారిపోయింది. ఉపవాసమని చెప్పి మధ్యలో చాయ్ తాగే ఆమె చాయ్ మానేసింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పూట ఉపవాసం లేని చిన్నాయిన బీడీ కట్ట తీసి మా చూరులో దోపి, "ఈస్టరుకు తీస్కుంట," అన్నాడు. ఆదివారం మందిరంలో నేను సాక్ష్యం చెప్పాను. నన్ను చూసి నవ్విన వాళ్లను క్షమిస్తున్నానని కూడా చెప్పాను. (వాళ్లెవరూ క్షమాపణ అడగలేదు.) అయ్యగారు మంచిర్యాల టీచరమ్మ ఊసు ఎత్తలేదు. బాపు మాత్రం వెనక వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. సంతోషం తట్టుకోలేక అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం బస్సులో నాయినమ్మ దిగింది. చెన్నూరులో మేనత్త ఇంట్లో ఉన్న మనిషి, కబురు తెలియగానే సంచి కూడా సరిగ్గా సర్దుకోకుండా వచ్చేసింది. డెబ్బై ఏళ్లు చెప్పిన కథ, తాను ఎన్నడూ చూడనిది. గంప ముందు చతికిలబడి చేతులు జోడించింది. గంప ఎత్తి, కుందేలును ఒళ్లోకి తీసుకుని, ఆపరేషనైన కళ్లను దాని మూతి దాకా తెచ్చి చూసింది. దాన్ని నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.

"నీళ్లు వెట్టినవా?"

"పెట్టినం. మూతి పెడుతుంది కానీ తాగదు. ఉపవాసం కదా."

"ఉపాసమున్నోళ్లు నీళ్లల్ల మూతెందుకు వెడ్తరే? ఇగో, జూడు. గీ పెదవి కింద గడ్డలు. మూతి తెర్వరాక ఆకలికి సస్తున్నది ముండమోసింది!"

దాని పక్కటెముకలు అప్పుడు కనబడ్డాయి నాకు. మూడు రోజులుగా దాని నెత్తి తప్ప ఇంకేమీ చూడలేదు. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. దవాఖానకు తీసుకుపోతే ఊరికి తెలుస్తుంది, పొద్దున్నే సాక్ష్యం చెప్పాను, రేపు ఎవరూ చూడకుండా పోదామా అని నేను ఒక నిమిషం ఆలోచించాను. ఆ నిమిషంలో అది మళ్లీ నీళ్లగిన్నె వైపు మెడ చాచింది. "చిన్నాయినా, బండి తియ్యి!" అని అరిచాను.

ఖానాపూర్‌లో పశువుల డాక్టరు మేడం అన్నం ముందు నుంచి లేచి వచ్చింది. అడవి జీవిని ఇంట్లో పెట్టుకున్నందుకు ముందుగా తిట్టింది. తరువాత టార్చి వేసి చూసి, "ఇవి కొమ్ములు కావు. పులిపిర్ల లాంటివి. ఇట్లాంటివి వైరస్‌తోని వస్తాయి. దూరదేశాల కుందేళ్లకు వస్తాయని చదివిన. అక్కడ గూడ వాటిని చూసే కొమ్ముల కుందేలు ఉన్నదని కథలు చెప్పుకున్నరట. ఇది ఆ రోగమేనా అంటే మాత్రం నాకు తెల్వది," అంది.

అంత చదివిన మనిషి, గోడ మీద పటం కట్టించుకున్న డిగ్రీ కింద నిలబడి, ఏ సిగ్గూ లేకుండా తెల్వది అంది! అన్నాక ఆమె గౌరవం ఒక వీసమెత్తు కూడా తగ్గలేదు. నేను నోరు తెరుచుకుని చూశాను.

మూతి చుట్టూ, చెవి పక్కన ఉన్నవాటిని కోసి తీసేసి, ఆకుకూర మెత్తగా నూరి సిరంజితో పోసింది. నెత్తి మీదిది దాని తిండికి అడ్డం కాదని వదిలేసింది. ఆరు రోజులు తన దగ్గరే ఉంచుకుని, అది సొంతంగా గరిక కొరికాక, ఫారెస్టు వాళ్లకు చెప్పి అడవి అంచున విడిపించింది. ఈసారి అది రాజులాగా కూర్చోలేదు. వెనక్కి కూడా చూడకుండా ఒకటే ఉరుకు!

ఇంటికొచ్చి నాయినమ్మకు అంతా చెప్పాను. కథ పోయిందని బాధపడుతుందనుకున్నాను. ఆమె చేతిలో వక్కాకు నలుపుతూ కూర్చుంది. "మా తాత అబద్ధమాడలేదే. దూరం నుంచి జూసిండు, గంతే," అంది. వక్కాకు నోట్లో వేసుకుని, "పాపం, ఆయన జూసిన కుందేలుకు గూడ ఎంత ఆకలైందో," అంది.

ఆదివారం మందిరంలో మళ్లీ లేచాను. కుందేలు ఉపవాసం లేదని, దానికి రోగమని, ఎందుకు తినడం లేదో తెలియకపోయినా తెలిసినట్టు చెప్పానని అన్నాను. నవ్వుతారనుకున్నాను, నవ్వారు. అందరికంటే ముందు చిన్నాయిన లేచి, "మరి నా బీడీలు?" అన్నాడు. తొమ్మిది రోజులుగా చూరులో ఉన్న కట్టను తీసుకుంటూ, "రోగమున్న కుందేలును వట్టుకొని ఆరోగ్యంగున్న నన్ను సంపినవ్ గదనే," అని గొణిగాడు. అయ్యగారు మాత్రం నవ్వలేదు. "ఈస్టరు అయినంక గూడ పిల్లలకు నువ్వే చెప్పు బిడ్డా," అన్నారు. గుమ్మం దగ్గర బాపు నా చెప్పులు తొడుక్కోవడానికి వీలుగా తిప్పి పెట్టి నిలబడి ఉన్నాడు. ఏ ర్యాంకు వచ్చినప్పుడూ ఆయన ఆ పని చేయలేదు.

అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ పిల్లల బడి నాదే. నవ్విన ప్రతి నోటికీ నేను రుణపడి ఉన్నాను. మొన్న ఈస్టరు ముందు మళ్లీ సృష్టి పాఠం వచ్చింది. పక్క ఊరి నుంచి కొత్తగా చేరిన ఒక పిల్ల తన పలక తెచ్చి చూపించింది. కుందేలు బొమ్మ. నెత్తి మీద ఒకే ఒక్క కొమ్ము.

"ఇదేందే?" అన్నాను.

"కొమ్ముల కుందేలక్కా. మన అడవిలుంటది. శుక్రారం శుక్రారం ఉపాసముంటది. మా అమ్మమ్మ జెప్పింది."

దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పాను. కోళ్లగంప, నాయినమ్మ, డాక్టరు మేడం, వైరస్, ఏదీ దాచలేదు. ఆ పిల్ల ఓపికగా చివరిదాకా విన్నది. పంతొమ్మిదేళ్ల నా మొహం ఎలా ఉండేదో ఆ చిన్న మొహంలో నాకు కనబడింది. నా మీద ఎంతో జాలిపడుతూ అంది:

"నీకు తెల్వదక్కా."