థర్మకోల్ బ్యారేజీ

నా చిన్నప్పుడు పటమటలో మా వీధి మొత్తానికి మొదటి ఫ్రిజ్ పక్కింటివాళ్లకే వచ్చింది. వాళ్ల నాన్నగారు ఆఫీసరు. మా నాన్న ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేసేవాడు. ఆ ఇంటి పిల్లా నేనూ ఆరో తరగతిలో ఒకే బెంచీ. తన మార్కులూ, తన జడకుచ్చులూ, ఆఖరికి తన దగ్గు కూడా నాకు గొప్పగానే కనిపించేవి. ఫ్రిజ్‌ను చూసి మా అమ్మ మురిసిపోయింది గానీ, నా కళ్లు మాత్రం దాని అట్టపెట్టెలో ఉన్న తెల్లటి థర్మకోల్ మీద పడ్డాయి. అంత పెద్ద దిమ్మ చిటికెన వేలితో లేచేది. అలాంటిది నేనెన్నడూ చూడలేదు.

తను అందులోంచి ఒక మూల ముక్క నాకిచ్చింది. జానెడు కూడా లేదు. మిగతాదంతా తన దగ్గరే ఉందిగా అని నాకు కడుపు మండిపోయింది. అయినా ఆ ముక్కను బట్టల పెట్టె అడుగున దాచి, రోజూ తీసి చూసుకునేదాన్ని. ఒకసారి నాన్న చేతులకంటిన రంగు కడుక్కుంటుంటే, రంగులో కలిపే థిన్నర్ చుక్క దాని మీద పడి బొక్క పడింది. "చూశావా, థిన్నర్ తగిలిందంటే దీని పని అయిపోయినట్టే," అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకున్నాను.

కొన్నాళ్లకు బడిలో ఎగ్జిబిషన్ అన్నారు. తను ఆ థర్మకోల్‌ను బ్లేడుతో కోసి మన కృష్ణ మీది బ్యారేజీ చేసింది. స్తంభాలు, గేట్లు, పైన రోడ్డు, రోడ్డు మీద అగ్గిపెట్టెతో చేసిన బస్సు. ఫ్రిజ్‌తో వచ్చిన చెక్కలతో వాళ్ల నాన్నగారు కింద తొట్టి కొట్టించారు. నీళ్లు పోస్తే సందుల్లోంచి కారిపోతున్నాయని, అడుగున నీలం కాగితం పరిచి సరిపెట్టుకుంది. వీధి వీధంతా వెళ్లి చూసొచ్చింది. మా అమ్మ కూడా ఆ పిల్లను మెచ్చుకుంటూనే ఇంట్లోకి వచ్చింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మర్నాడు నేనే నాన్న నీలం రంగు డబ్బా పట్టుకెళ్లాను. "గేట్లకి లారీ రంగు వేస్తే భలే మెరిసిపోతయ్యే," అన్నాను. అందులో థిన్నర్ కలిపి ఉందని నాకు తెలుసు. తను నన్ను నమ్మి కుంచె ముంచింది. చూస్తుండగానే గేట్లు ముడుచుకుపోయాయి. రోడ్డు మధ్యకు కుంగి బస్సు తొట్టిలో పడింది. నాకు సంతోషం వేసింది. ఇప్పుడు దాచి ఏం లాభం, నిజంగానే వేసింది. తను మాత్రం ఏడుస్తూ, "నేనే ఎక్కువ పూశానేమోనే," అంది.

సాయంత్రం నాన్న సైకిల్ దిగుతూనే ఆ ఏడుపు విని అటే వెళ్లాడు. వెనకాలే నేను. డబ్బాను చూశాడు, నన్ను చూశాడు. "తప్పు రంగుదమ్మా, నీది కాదు. మంచి పనితనం నీది," అంటూ ఆ పిల్ల తల నిమిరాడు. నా తల అలా నిమిరి ఎన్నాళ్లయిందో అని, అప్పుడు కూడా నాకు ఆ పిల్ల మీదే కుళ్లు పుట్టింది.

నాన్న ఆ కరిగిన ముద్దంతా గీకి పాత డబ్బాలో వేశాడు. నేల మీది థర్మకోల్ తుక్కు కూడా ఏరించి అందులోనే వేసి, ఇంకాస్త థిన్నర్ పోసి పుల్లతో తిప్పాడు. అది బెల్లం పాకంలా సాగింది. నీలం కాగితం తీసేసి, దాన్ని తొట్టి అడుగున, సందుల్లో నా చేత పూయించాడు. "గట్టిపడిందంటే చుక్క దిగదు," అన్నాడు. కొత్త గేట్లకు మాత్రం థర్మకోల్ లేదు. తన దగ్గరున్నదంతా అయిపోయింది. నాన్న నన్ను అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు, చేతులు తుడుచుకుంటూ ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం నేను భరించలేకపోయాను. ఇంటికి పరిగెత్తి నా ముక్క తెచ్చాను. ఇచ్చేటప్పుడు నా వేళ్లు ఒక పట్టాన వదల్లేదు. పల్చగా కోస్తే గేట్లన్నిటికీ సరిపోయింది. వాటిని చీపురుపుల్లలతో గుచ్చి నిలబెట్టి, కుంగిన రోడ్డు కింద కూడా పుల్లలు పెట్టి లేపాం.

ఎగ్జిబిషన్ రోజున తొట్టిలో నీళ్లు పోశాం. లారీ రంగు కలిసిన ముద్ద వల్ల అడుగంతా నీలంగా ఉంది. చుక్క కారలేదు. ఒక గేటుకు మాత్రం నా ముక్క మీది పాత బొక్క అలాగే ఉండిపోయింది. అందులోంచి సన్నటి ధార దూకుతుంటే టీచరుగారు ముచ్చటపడి, ఇది ఎవరు చేశారని అడిగారు. "మేమిద్దరం చేశామండీ," అంది తను, నా చెయ్యి పట్టుకుని. నేను కాదనలేదు.

ఇప్పటికీ ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా థర్మకోల్ పారేయనివ్వను. అటకంతా అదేనని కోడలు విసుక్కుంటుంది. నా కుళ్లు కూడా పూర్తిగా పోలేదు. ఎవరి బాగు చూసినా ముందు లోపల చురుక్కుమంటుంది, ఆ వెంటనే ముక్కుకు థిన్నర్ వాసన తగులుతుంది. అప్పుడు నా చేతిలో ఏముందో ఒకసారి చూసుకుంటాను. ఆ డబ్బా సంగతి నాన్న బతికున్నన్నాళ్లూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే తెలియదని అబద్ధమాడి, ఆ అబద్ధాన్నే నమ్ముకుని బతికేసేదాన్ని. ఆయన అడగలేదు కాబట్టే ఈ వయసులో నిజం రాస్తున్నాను.