అప్పలసూరి మోసిన ఇరవై కిలోలు

రాజాంలో ధాన్యం మిల్లులో బస్తాలు మోసే కళాసీ అప్పలసూరికి ఒక జబ్బుంది. సెలవు మీద వచ్చిన మిలటరీ కుర్రాడు కనబడితే చాలు, పెళ్లయిందా, పిల్లలెంతమంది అని అడగడు. "నీ వీపు మీద ఎన్ని కిలోలు ఎక్కిస్తార్రా?" అని పట్టుకుంటాడు.

ఊరికే కాదు లెండి. పందొమ్మిదో ఏట విజయనగరంలో మిలటరీ సెలక్షన్లకి వెళ్లాడు. అప్పటికే ఎనభై కిలోల బస్తా అవలీలగా ఎత్తుకునేవాడు గానీ, మనిషి మాత్రం నలభై ఏడు కిలోలే. కావలసింది యాభై. ఎవరో చెప్పారని, తెల్లారకముందే డజను అరటిపళ్లు మింగి, చెంబుడు నీళ్లు తాగి బయల్దేరాడు మహానుభావుడు. తీరా చూస్తే అక్కడ ముందు పరుగు, తరవాత తూకం. పరుగులో పాసయ్యాడు. గీత దాటీ దాటగానే పళ్లన్నీ కక్కేశాడు! ముల్లు మళ్లీ నలభై ఏడు దగ్గరే ఆగింది, డాక్టరు ఇంటికి పొమ్మన్నాడు.

అది జరిగి ముప్పై ఏళ్లు దాటినా ఆ డాక్టర్ని తిట్టకుండా అప్పలసూరికి ముద్ద దిగదు. "నన్ను తూసినాడు గానీ, నాను మోసిందాన్ని తూసినాడా?" అంటాడు. ఆ రోజు తనకి అన్యాయం జరిగిందా, లేక తను నిజంగానే పనికిరాడా? చచ్చేలోగా ఆ ఒక్కటీ తేలితే చాలని అతని ఆశ.

ఈ జూన్‌లో, మిలటరీలో ఉన్న చెల్లెలి కొడుకు నరేష్ సెలవు మీద వచ్చాడు. తిరిగి వెళ్లగానే అతనికి పరీక్ష ఉందట, వీపు మీద బరువుతో అయిదు కిలోమీటర్ల పరుగు. సాధన కోసం తన సంచీలో ఇసుక పొట్లాలు నింపి, మిల్లు కాటా మీద పెట్టాడు. సరిగ్గా ఇరవై కిలోలు తూగింది.

అప్పలసూరి పడీపడీ నవ్వాడు. "ఇరవయ్యేట్రా! మీ అత్త పుట్టింటికెల్తే ఇంతకన్నా ఎక్కువే మోస్తాది."

"అయితే రేపు నువ్వే మొయ్యి మావా. కాలవ గట్టు మీద అయిదు కిలోమీటర్లు. మజ్జిలో దించకూడదు."

"ఎందుకు దించుతాన్రా, తే!"

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. మొదటి కిలోమీటరు అప్పలసూరి ఎగురుకుంటూ పోయాడు. రెండోదానికి నోరెండిపోయింది. కళాసీ అంటే బస్తా ఎత్తుకుని నలభై అడుగులు వేస్తాడు, దించేస్తాడు, ఉత్త భుజంతో వెనక్కొస్తాడు. ఇన్నేళ్లూ ఆ వెనక్కొచ్చే నడకలోనే తను ఊపిరి తీసుకుంటున్నానని అతనికి ఇప్పుడే తెలిసింది. ఈ సంచీకి వెనక్కి రావడం లేదు. మూడో కిలోమీటరు దగ్గర గట్టు మీదే చతికిలబడ్డాడు.

నరేష్ మావ వీపు మీంచి సంచీ విప్పి, నీళ్ల సీసా చేతికిచ్చాడు.

"ఇంత పరిగెత్తినాక ఏటి సేస్తార్రా?" అని రొప్పుతూనే అడిగాడు అప్పలసూరి.

"తుపాకీ పేల్సాల మావా. గురి తప్పకూడదు."

అప్పలసూరి తన చేతులకేసి చూసుకున్నాడు. వణుకుడికి సీసా మూతే రావడం లేదు. "ఓర్నాయనో! అయితే ఆ డాక్టరు తప్పేటీ నేదు. నాను పనికిరాను. ఇన్నాళ్లూ ఆ మారాజుని ఊరకే తిట్టినాను" అని గట్టిగా నవ్వేశాడు. నిజంగానే అతని ప్రాణం హాయిగా ఉంది.

"అదేటి మావా! మొదటిరోజు నాను ఒక్క కిలోమీటరుకే పడిపోనాను. ఎవుడైనా అంతే. నెలల తరబడి నేర్పుతారు గదా. ఈ వయసులో మూడు వచ్చినావంటే, పందొమ్మిదేళ్లప్పుడు నిన్ను తీసుకునుంటే నువ్వే మాకు నేర్పేవోడివి."

మేనల్లుడు మంచికే అన్నాడు. అప్పలసూరి నవ్వు ఆగిపోయింది. మొహం కాలవ వైపు తిప్పుకున్నాడు గానీ కన్నీళ్లు మాత్రం ఆపుకోలేకపోయాడు.

"ఆ మాట సెప్పకుండా ఉండాల్సిందిరా" అన్నాడు.